నట్టింట్లో పట్టాలు.. బల్లమీద బండి
నమూనా రైళ్లు నడపడం వెనుక ఎంతో లెక్క, కొంత విద్యుత్ పరిజ్ఞానం

అమెరికాలో ఉంటున్న కుమారుడో, మేనమామో పండక్కి వస్తూ పిల్లవాడికి రైలుబండి తెస్తాడు. పెట్టె విప్పి, పట్టాలు గుండ్రంగా అమర్చి, ఇంజిను నిలబెట్టి, ప్లగ్గు గోడకు పెట్టగానే చిన్న శబ్దం, కాలిన వాసన. వేల రూపాయల బొమ్మ ఒక్క చుట్టు తిరగకుండానే మూలపడుతుంది. ఇలా జరిగిన ఇళ్లు తెలుగు జిల్లాల్లో తక్కువేమీ కాదు. తప్పు బొమ్మది కాదు, తెచ్చినవారిదీ కాదు. అమెరికాలో ఇంటి విద్యుత్తు 120 వోల్టులు, మన దగ్గర 230 వోల్టులు. ఆ ఒక్క తేడా తెలియకపోవడమే ఇంత నష్టానికి కారణం.

నమూనా రైలు చూడడానికి ఆటవస్తువే అయినా, దానిని సవ్యంగా నడపడం ఒక విద్య. ఐరోపా, అమెరికా, జపాన్ దేశాల్లో పెద్దలు ఏళ్ల తరబడి దీనిని అభ్యసిస్తారు. మన ప్రాంతంలో దసరాకో, సంక్రాంతికో పెట్టే బొమ్మల కొలువులో మెట్ల కింద తిరిగే తాళంచెవి రైలుతోనే చాలామంది పరిచయం ఆగిపోతుంది. కాజీపేట, గుంతకల్లు, బెజవాడ, రాజమండ్రి వంటి రైల్వే ఊళ్లలో పుట్టి పెరిగినవారిలో మాత్రం అంతకు మించిన ఆసక్తి ఉండడం సహజం. అటువంటివారు తెలుసుకోదగిన విషయాలు కొన్ని ఇవి.

వెండి రైలు నుంచి హాంబర్గు దాకా

జర్మనీకి చెందిన మార్క్లిన్ సంస్థ 1891లో లైప్‌జిగ్ సంతలో పట్టాలతో సహా బొమ్మ రైళ్లను ఒక క్రమపద్ధతిలో ప్రదర్శించింది. ఒకసారి కొన్న పట్టాలకు తరువాత కొన్నవి అతుక్కునే వీలు అప్పటి నుంచే మొదలైంది. బ్రిటన్‌లో ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో రైళ్ల తయారీ చేపట్టారు. మన దేశంలో సంస్థానాధీశుల ముచ్చట వేరు. గ్వాలియర్‌లోని జయవిలాస్ భవనంలో భోజనాల బల్లమీద అతిథుల ముందుకు మద్యం, చుట్టలు మోసుకొచ్చే వెండి రైలును నేటికీ చూడవచ్చు.

హాంబర్గు నగరంలో 2001లో ప్రారంభమైన మినియేచర్ వండర్‌ల్యాండ్‌లో 15 కిలోమీటర్లకు పైగా చిన్న పట్టాలున్నాయి. అంత దూరం పోలేనివారికి పుణెలో 1998లో ప్రారంభమైన జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియం ఉంది. షిర్డీ యాత్రకు వెళ్లే తెలుగు కుటుంబాలు దారి కాస్త మార్చుకుంటే పిల్లలకు చూపించి రావచ్చు.

అసలు కొలత ఏమిటి?

రైలును ఎన్నో వంతుకు తగ్గించారన్నదే ఈ విద్యలో మొదటి ప్రశ్న. ప్రపంచంలో ఎక్కువగా వాడుకలో ఉన్నది 1:87 నిష్పత్తి. దీనిని హెచ్‌ఓ అంటారు. అంతకుముందు ఉన్న 'ఓ' కొలతలో సగం గనుక ఆ పేరు వచ్చింది. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. స్థలం తక్కువగా ఉన్నవారు ఎన్ కొలతను ఎంచుకుంటారు. ఇది 1:160 నిష్పత్తి, పట్టాల మధ్య 9 మిల్లీమీటర్లు.

ఇక్కడ మన రైళ్లకు ఒక చిక్కుంది. విదేశాల్లో అధిక భాగం రైళ్లు నడిచేది 1,435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజి మీద. దానిని 87తో భాగిస్తే సరిగ్గా 16.5 వస్తుంది. మన బ్రాడ్ గేజి 1,676 మిల్లీమీటర్లు. దానిని 87తో భాగిస్తే 19 మిల్లీమీటర్లు దాటుతుంది. ఆ వెడల్పు పట్టాలు బజారులో దొరకవు గనుక భారతీయ ఇంజిన్ల నమూనాలను సైతం 16.5 మిల్లీమీటర్ల పట్టాలపైనే నడుపుతారు. నిశితంగా చూసేవారికి భారీ శరీరం ఇరుకు కాళ్లమీద నిలబడినట్లు కనిపిస్తుంది. అందరూ దానితో రాజీపడతారు. హైదరాబాద్ మెట్రో మాత్రం స్టాండర్డ్ గేజి కావడంతో, ఎవరైనా దాని నమూనా చేయదలిస్తే ఈ బెడద ఉండదు.

పాత ఐసీఎఫ్ పెట్టె పొడవు సుమారు 21.3 మీటర్లు. హెచ్‌ఓ కొలతలో అది 24.5 సెంటీమీటర్లవుతుంది. కొత్త ఎల్‌హెచ్‌బీ పెట్టె 27 సెంటీమీటర్లు. ఆరడుగులకు కాస్త తక్కువ మనిషి రెండు సెంటీమీటర్లు, 15 మీటర్ల తాటిచెట్టు 17 సెంటీమీటర్లు. 24 పెట్టెల ఎక్స్‌ప్రెస్ బండిని యథాతథంగా చేస్తే ఇంజినుతో కలిపి ఆరు మీటర్లు దాటుతుంది. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న ప్లైవుడ్ పలకమీద వేయగల చుట్టు పట్టా మొత్తం పొడవే సుమారు 5.8 మీటర్లు. అంటే బండి తల వచ్చి తోకను కరుచుకుంటుందన్నమాట! అందువల్ల ఇళ్లలో నాలుగైదు పెట్టెలతో సరిపెట్టుకుంటారు.

వంతెనల విషయంలోనూ ఇంతే. రాజమండ్రి వద్ద 1997లో వినియోగంలోకి వచ్చిన గోదావరి ఆర్చి వంతెనకు 28 ఖానాలు. ఒక్కొక్కటి 97 మీటర్ల పైచిలుకు. హెచ్‌ఓలో ఒక్క ఖానాయే 1.12 మీటర్లు, మొత్తం వంతెన 31 మీటర్లు. ఇంత ఇల్లు ఎవరికి ఉంటుంది? రెండు విల్లులు నిలబెట్టి, కింద నీరు, ఇసుక తిన్నెలు చూపిస్తే చూసేవాడి మనసు మిగతా ఇరవైయారింటినీ నింపుకుంటుంది. దేనిని ఉంచాలి, దేనిని వదలాలి అన్న ఈ నిర్ణయంలోనే పనివాడి నేర్పు తెలుస్తుంది.

మలుపు దగ్గరే తంటా

కొత్తవారు ఎక్కువగా దెబ్బతినేది మలుపుల వద్ద. మలుపు వ్యాసార్ధం అన్నిటికంటె పొడవైన పెట్టెకు కనీసం మూడింతలు ఉండాలన్నది అనుభవజ్ఞుల లెక్క. ఐసీఎఫ్ పెట్టెకు అది 73 సెంటీమీటర్లు. నాలుగడుగుల పలకమీద, అంచున కాస్త చోటు వదిలితే, 55 సెంటీమీటర్ల వ్యాసార్ధానికి మించి పట్టదు. పొడవైన పెట్టెలు అక్కడ తిరిగితే తిరగవచ్చు గాని, మధ్యభాగం లోపలికి, కొసలు బయటికి పొడుచుకువచ్చి పక్క పట్టామీది బండిని రాసుకుంటాయి. పక్కనే ప్లాట్‌ఫారం ఉంటే దానిని ఢీకొంటాయి.

దీనికి రెండు దారులు. బొగ్గు వ్యాగన్లతో గూడ్సు బండి నడుపుకోవడం ఒకటి. బాక్స్-ఎన్ వ్యాగను 10.7 మీటర్లే గనుక హెచ్‌ఓలో 12 సెంటీమీటర్ల పైచిలుకుతో ఎంత మలుపైనా సునాయాసంగా తిరుగుతుంది. సింగరేణి బొగ్గు రవాణాను నమూనాగా చేయదలచినవారికి ఇది అచ్చంగా సరిపోతుంది. ప్రయాణికుల బండే కావాలనుకుంటే ఎన్ కొలతకు మారడం రెండో దారి. ఆ కొలతలో ఐసీఎఫ్ పెట్టె 13 సెంటీమీటర్లు, మలుపుకు 40 సెంటీమీటర్ల వ్యాసార్ధం చాలు. అయితే చూపు మందగించినవారికి, చేయి వణికేవారికి ఎన్ కొలత కష్టం. పట్టాలెక్కించడమే ఒక పరీక్ష.

ఎత్తుపల్లాల సంగతి కూడా పలక కొనకముందే ఆలోచించాలి. ఒక పట్టామీదుగా మరొక పట్టాను దాటించాలంటే హెచ్‌ఓలో సుమారు 7.5 సెంటీమీటర్ల ఎత్తు కావాలి. నూటికి మూడు చొప్పున ఎక్కిస్తే రెండున్నర మీటర్ల దూరం పడుతుంది. అరకు మీదుగా సాగే కొత్తవలస-కిరండూల్ మార్గంలో వాలు అరవైకి ఒకటి. అదే వాలు ఇంట్లో పాటించాలంటే నాలుగున్నర మీటర్లు కావాలి. మలుపు, ఎక్కుడు ఒకేచోట పడితే చిన్న ఇంజిను చక్రాలు జారుతూ నిలబడిపోతాయి. అరకు కొండలను బల్లమీద చూపాలన్న ఉబలాటం ఉన్నవారు పట్టాను సమతలంగానే ఉంచి, చుట్టూ కొండలను పైకి, లోయను కిందికి మలచడం మేలు. చూసేవారికి బండి కొండెక్కుతున్నట్లే అనిపిస్తుంది.

పట్టాల్లోనే కరెంటు

నమూనా రైలుకు విద్యుత్తు తీగలోంచి కాదు, పట్టాల్లోంచి అందుతుంది. ఒక పట్టా ధనం, మరొకటి రుణం. ఇంజిను చక్రాలు ఆ విద్యుత్తును గ్రహించి లోపలి మోటారుకు ఇస్తాయి. కంట్రోలరు మీటను తిప్పిన కొద్దీ వోల్టేజి సున్నా నుంచి 12 డీసీ వోల్టుల వరకు పెరుగుతుంది, వేగమూ పెరుగుతుంది. ధనరుణాలను తారుమారు చేస్తే బండి వెనక్కి నడుస్తుంది. ఇంజినును చేత్తో ఎత్తి ముఖం అటు తిప్పి పెట్టినా అది వెళ్లే దిక్కు మారదు! మోటారు తిరిగి ఉన్నా, అందుకు తగినట్లు దానికి అందే ధనరుణాలు కూడా మారతాయి గనుక అది మొదట పోతున్న వైపే పోతుంది. పిల్లలకు విద్యుత్ పాఠం చెప్పడానికి దీనికి మించిన ప్రయోగం లేదు.

అసలు రైలుకు, నమూనాకు ఇక్కడే ఒక విచిత్రమైన తేడా ఉంది. నిజమైన రైలులో ఇనుప ఇరుసు రెండు పట్టాలనూ విద్యుత్పరంగా కలుపుతుంది. ట్రాక్ సర్క్యూట్ ఉన్నచోట ఆ కలయికను బట్టే ఫలానా పట్టామీద బండి ఉందని సిగ్నలు వ్యవస్థ గ్రహించి ఎరుపు చూపుతుంది. నమూనా రైలులో ఇరుసు అలా కలిపితే షార్ట్ సర్క్యూటే. అందుకని ఇక్కడ ఇరుసు నుంచి ఒక చక్రాన్ని ప్లాస్టిక్‌తో వేరుచేస్తారు. ఒకచోట ప్రాణాలు కాపాడే సూత్రమే మరొకచోట చేటు అవుతుంది.

ఇదిలా ఉండగా, పట్టాను ఉంగరంలా మళ్లించి బండిని తిరిగి అదే దారిలో వెనక్కి పంపాలని ప్రతి ఒక్కరికీ ఒకనాడు కోరిక పుడుతుంది. అలా వేసిన క్షణంలో కుడి పట్టా పోయి ఎడమ పట్టాకు తగులుతుంది. ధనం రుణాన్ని కలవడంతో కంట్రోలరు ఆగిపోతుంది. ఆ ఉంగరం భాగంలో రెండు పట్టాలనూ రెండు కొసలా కత్తిరించి, దానికి విడిగా స్విచ్చి పెట్టి, బండి లోపల ఉండగా ధనరుణాలను మార్చడమే పరిష్కారం. ఇంజిన్లను తిప్పడానికి వేసే త్రికోణపు లైనుకు సైతం ఇదే నియమం.

రెండు ఇంజిన్లను ఒకే పట్టామీద పెడితే డీసీ పద్ధతిలో రెండూ ఒకేసారి కదులుతాయి, ఒకేసారి ఆగుతాయి. వేర్వేరుగా నడపాలంటే పట్టాను ముక్కలుగా విభజించి ఒక్కొక్క ముక్కకు స్విచ్చి పెట్టుకోవాలి. నిజమైన రైల్వేలోని బ్లాకు పద్ధతికి ఇది దగ్గరి చుట్టం. ఒక ముక్కలో ఒక బండి ఉండగా రెండోదానికి ప్రవేశం లేదు. స్టేషను మాస్టరు పని ఎంత గొప్పదో సాయంత్రం గంటసేపు రెండు బండ్లు నడిపితే తెలిసివస్తుంది.

ఈ తీగల బాధను తగ్గించడానికి వచ్చిందే డీసీసీ అనే డిజిటల్ పద్ధతి. ఇందులో పట్టాల్లో ఎల్లవేళలా పూర్తి వోల్టేజి ఉంటుంది. ఆ విద్యుత్తులోనే సంకేతాలు కలిసి ప్రవహిస్తాయి. ధనరుణాలు సెకనులో వేలసార్లు మారుతుంటాయి. ఒక్కో అరమార్పు 58 మైక్రోసెకన్లు ఉంటే 'ఒకటి' అని, 100 మైక్రోసెకన్లు ఉంటే 'సున్న' అని ఇంజినులోని చిప్పు చదువుకుంటుంది. ఒక్కొక్క ఇంజినుకు ఒక సంఖ్య. ఆ సంఖ్య పేర పంపిన ఆజ్ఞనే అది పాటిస్తుంది. నాలుగంకెల సంఖ్యలకు వీలుండడంతో అసలు ఇంజిను నంబరులోని చివరి అంకెలనే పెట్టుకునే ముచ్చట తీర్చుకోవచ్చు. దీపాలు, కూత సైతం విడివిడిగా పలుకుతాయి. ఖర్చు మాత్రం బాగా పెరుగుతుంది. మొదటి ఏడాది డీసీతో నడిపి, ఆసక్తి నిలిచిందని తేలాకే దీని జోలికి పోవడం ఉచితమని చెప్పవచ్చు.

ప్లగ్గు పెట్టేముందు..

విదేశం నుంచి వచ్చిన అడాప్టరు వెనుక అక్షరాలు చదవకుండా గోడకు పెట్టరాదు. '100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్' అని ఉంటే మన ఇంట నిర్భయంగా వాడుకోవచ్చు, ప్లగ్గు మూతి మారిస్తే చాలు. '120 వోల్టులు' అని మాత్రమే ఉంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు తప్పనిసరి. జపాన్ నుంచి వచ్చినవి 100 వోల్టులవి కావచ్చు. బ్రిటన్, జర్మనీ నుంచి వచ్చినవాటికి వోల్టేజి సమస్య ఉండదు.

పట్టాలకు గోడ విద్యుత్తును నేరుగా ఇవ్వడం ప్రాణాంతకం. ఈ మాట చెప్పనక్కరలేదనిపించినా, పాడైన అడాప్టరును విప్పి తీగలు కలిపే సొంత ప్రయోగాలు జరుగుతూనే ఉంటాయి గనుక చెప్పవలసి వస్తోంది. కరెంటు కోతల వేళ ఇన్వర్టరు బ్యాటరీ నుంచి 12 వోల్టులు నేరుగా లాగడం మరొక ప్రమాదం. వోల్టేజి తక్కువే గదా అన్న ధీమా తగదు. పట్టామీద ఒక స్క్రూడ్రైవరు పడి షార్ట్ అయితే ఆ బ్యాటరీ వదిలే కరెంటుకు తీగలు ఎర్రగా కాలి ప్లైవుడ్ అంటుకోగలదు. నమూనా రైళ్ల కోసం చేసిన కంట్రోలరులో షార్ట్ అయిన వెంటనే ఆపే ఏర్పాటు ఉంటుంది. ఖరీదు ఎక్కువైనా అదే వాడాలి.

14 ఏళ్లలోపు పిల్లల కోసం మన దేశంలో అమ్మే ఆటవస్తువులకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి అయింది. విద్యుత్ బొమ్మలు కూడా ఇందులోకి వస్తాయి. బొమ్మల దిగుమతి సుంకాన్ని కేంద్రం 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి పెంచింది. నమూనా రైళ్లు కూడా ఆ పద్దు కిందికే వస్తాయి గనుక విదేశాల నుంచి పార్సిలు తెప్పించుకునేవారు సుంకం లెక్క ముందుగా వేసుకోవాలి.

మన వాతావరణంలో

విదేశీ పుస్తకాల్లో రాసే సలహాలన్నీ మనకు వర్తించవు. రామగుండంలోనో, రెంటచింతలలోనో ఎండాకాలం డాబాపై రేకుల గదిలో బల్ల వేస్తే పట్టాలు సాగుతాయి. ఆరు మీటర్ల పట్టాకు 20 డిగ్రీల వేడి పెరిగితే రెండు మిల్లీమీటర్ల సాగుదల వస్తుంది. అతుకుల వద్ద విజిటింగు కార్డు మందం ఖాళీ వదలకపోతే పట్టా పైకి లేచి బండి పడిపోతుంది. కోస్తాలో మరో తీరు. తేమకు ప్లైవుడ్ వంగుతుంది, అందుచేత అంచులకు, అడుగుభాగానికి కూడా రంగు పూయాలి. ఉప్పుగాలికి అతుకుల్లో చిలుము పట్టి విద్యుత్తు అందదు. అతుకులను నమ్ముకోక, ప్రతి మీటరు, రెండు మీటర్లకొకచోట పట్టాకు కింది నుంచి తీగ టంకం వేసుకుంటే ఆ చింత ఉండదు.

దుమ్ము అన్నిచోట్లా శత్రువే. బండి ఆగి ఆగి నడుస్తున్నదంటే నూటికి తొంభైపాళ్లు మోటారు చెడిపోలేదు, పట్టా మురికి పట్టింది. నూలు గుడ్డను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి తుడిస్తే చాలు. గరుకు కాగితంతో రుద్దరాదు. రుద్దినప్పుడు పడిన గీతల్లోనే మరింత మురికి చేరుతుంది. చక్రాలను కూడా అదే గుడ్డను పట్టాపై పరచి, ఇంజినును సగం దానిమీద నిలబెట్టి తిప్పితే శుభ్రపడతాయి. కొబ్బరినూనె, కిరోసిన్ ఇంజిను దరిదాపులకు రానీయకూడదు. ప్లాస్టిక్‌కు హాని చేయని పలుచని నూనె సూదిమొనతో ఒక్క చుక్క చాలు.

సొరంగం కట్టేవారు అందులో చెయ్యి పట్టేంత ద్వారం వెనుకనుంచి వదలాలి. బండి పట్టా తప్పేది ఎప్పుడూ సొరంగంలోనే. బల్లి కాపురం పెట్టేదీ అక్కడే.

దృశ్యం మన చేతిలోనే

ఇంజిన్లు, పట్టాలు కొనక తప్పదు గాని చుట్టూ ఉండే ఊరంతా ఇంట్లోనే తయారవుతుంది. రంపపు పొట్టుకు ఆకుపచ్చ రంగు వేసి ఆరబెడితే గడ్డి. జల్లెడ పట్టిన సన్న ఇసుకరాయి పట్టాల కింద కంకర. ఫెవికాల్‌లో సగానికి సగం నీరు, ఒక చుక్క గిన్నెలు తోమే ద్రావణం కలిపి, కంకరపై చుక్కలుగా వదిలితే మరునాటికి గట్టిపడుతుంది. థర్మోకోల్‌తో కొండలు చేసేవారు దానిమీద స్ప్రే రంగు కొట్టరాదు, కరిగిపోతుంది. నీటి రంగులే వాడాలి.

కేవలం అందం కోసమే కాక ఈ పనికి మరొక ప్రయోజనం కూడా ఉంది. తెలుగు నేలపై మీటరు గేజి లైన్లన్నీ బ్రాడ్ గేజిగా మారిపోయాయి. వాటితోపాటు చేయి ఊపినట్లు పైకి లేచే సిగ్నళ్లు, ఇనుప మీటలున్న కేబిన్లు, నీటి స్తంభాలు, పెంకుల కప్పు స్టేషన్లు ఒక్కొక్కటిగా కనుమరుగయ్యాయి. వాటిమధ్య ఉద్యోగం చేసి పదవీ విరమణ చేసినవారు మన మధ్య ఉన్నారు. ఏ స్టేషనులో ఎన్ని లైన్లుండేవి, గూడ్సు షెడ్డు ఎటువైపు, నీళ్ల ట్యాంకు ఎక్కడ అన్నది వారికి కళ్లకు కట్టినట్లు గుర్తుంటుంది. ఆ వివరం ఏ పుస్తకంలోనూ దొరకకపోవచ్చు. మీటరు గేజిని 87వ వంతు చేస్తే పదకొండున్నర మిల్లీమీటర్లు వస్తుంది. ఇందుకోసం 12 మిల్లీమీటర్ల పట్టాలు ఐరోపాలో తయారవుతున్నాయి. తెప్పించుకునే స్తోమత లేకపోయినా నష్టం లేదు. బండి నడవకున్నా అట్టముక్కలతో, కొలత ప్రకారం, ఊరి పాత స్టేషనును నిలబెట్టవచ్చు. ఇందుకు ముందుగా చేయవలసిన పని తాతగారి ఎదుట తెల్లకాగితం, పెన్సిలు పెట్టి లైన్ల పటం గీయించుకోవడం. పక్కన కొలతలు అడుగుల్లో రాసుకుంటే చాలు, 87తో భాగించే పని మనవలు చూసుకుంటారు.

వేగం తగ్గించండి

పిల్లలు, పెద్దలు అన్న తేడా లేకుండా కొత్తవారంతా చేసే పని మీటను కొసదాకా తిప్పడం. గంటకు 100 కిలోమీటర్ల వేగం హెచ్‌ఓలో సెకనుకు 32 సెంటీమీటర్లు మాత్రమే. పైన చెప్పిన 5.8 మీటర్ల చుట్టును ఎక్స్‌ప్రెస్ బండి 18 సెకన్లలో, ప్యాసింజరు బండి 36 సెకన్లలో తిరగాలి. గడియారం చూసుకుంటూ మీటను ఎక్కడ నిలపాలో పెన్సిలుతో గుర్తుపెట్టుకుంటే సరి. స్టేషనులోకి వచ్చేటప్పుడు ఆ గుర్తు నుంచి సున్నాకు తేవడానికి కనీసం పది సెకన్లు తీసుకోవాలి. రోజు ముగిశాక బండిని పట్టామీదే వదలక పెట్టెలో పెట్టి, అడాప్టరును గోడనుంచి తీసి, బల్లమీద పాత దుప్పటి కప్పడం మంచిది.